ఆఫీసులో ఫుట్‌బాల్ మీద ఓటు, ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే కొడుకు

ఈ వారం ఉత్తరం అమెరికా నుంచి. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు కాబట్టి మిడ్‌వెస్ట్‌లో ఒక మధ్యరకం స్టేట్ యూనివర్సిటీ అనుకోండి చాలు. రాసినావిడ అక్కడ ప్రొఫెసర్, పుట్టిల్లు ఒంగోలు దగ్గర, అమెరికా వెళ్ళి 21 ఏళ్ళు. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి చెప్తాను.

వాళ్ళ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ టీమ్ ఉంది. (మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. ఇది హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు తొడుక్కుని కోడిగుడ్డు ఆకారం బంతి కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకునే ఆట.) ఆ టీమ్ గెలిచేది తక్కువ, తినేది ఎక్కువ. ఏటా లోటే, ఆ లోటు పూడ్చేది స్టూడెంట్ల దగ్గర వసూలు చేసే అథ్లెటిక్ ఫీజుతో. ఇప్పుడు క్రెడిట్‌కి 27 డాలర్లున్న ఆ ఫీజుని 35 చేస్తామంటున్నారు. ఫీజు పెంచడమా, టీమ్‌ని కింది స్థాయికి దించడమా, మొత్తానికే ఎత్తెయ్యడమా అని ఫ్యాకల్టీ సెనెట్ (ప్రొఫెసర్ల సభ) బడ్జెట్ కమిటీ ఏప్రిల్‌లో ఓటెయ్యాలి, ఈవిడ ఆ కమిటీలో మెంబరు. ఈవిడ దగ్గర ఎంఎస్ చేస్తున్న తెలుగు పిల్లలు ముగ్గురు ఫీజు బిల్లు పట్టుకొచ్చి "మేడమ్, ఆ స్టేడియంలో మేం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు, మాకెందుకు ఈ ఫీజు" అని అడిగారట, ఏం చెప్పాలో తోచలేదట.

ఇది ఆఫీసు గొడవ. ఇంట్లో సంగతి వేరే. ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు పన్నెండో తరగతి, ఏడో తరగతి నుంచీ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, లైన్‌బ్యాకర్, అంటే బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి గుద్ది పడేసే పని. వేరే స్టేట్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ కోచ్ ప్రిఫర్డ్ వాక్-ఆన్‌గా రమ్మన్నాడు, అంటే స్కాలర్‌షిప్ లేదు, టీమ్‌లో చోటుందన్న మాట మాత్రం ఉంది. ఇంకో చిన్న ప్రైవేటు కాలేజీ, డివిజన్ 3, అంటే ఆటకి స్కాలర్‌షిప్పులివ్వని కింది స్థాయి, అక్కడ కూడా ఆడొచ్చు, మార్కులకి ఇచ్చే మెరిట్ సాయం బాగానే వస్తోంది. మే 1 లోపు రెండింట్లో దేనికో ఒకదానికి డిపాజిట్ కట్టాలి. భర్తకి కొడుకు ఆటంటే ప్రాణం, ఈవిడ భయం చూసి "హైదరాబాద్‌లో హెల్మెట్ లేకుండా ఒక బండి మీద ముగ్గురం తిరిగాం, మనకేమైంది" అంటాడట. పిల్లాడికి రెండేళ్ళ కింద తలకి దెబ్బ తగిలింది, కంకషన్ అని రెండు వారాలు ఆపారు. పోయిన సీజన్‌లో ఇంకోసారి అయిందని, రెండు రోజులు లైటు చూడలేకపోయాడని, కోచ్‌కి చెప్పలేదని, "అమ్మకి చెప్తే చంపేస్తా" అన్నాడని మొన్న జనవరిలో కూతురు నోరు జారింది.

ఆఖర్న ఇలా రాశారు: "అక్కా, కమిటీలో ఫుట్‌బాల్ వద్దని ఓటేసి ఇంటికొచ్చి కొడుకుని ఆటకి పంపిస్తే నేను రెండు నాల్కల మనిషిని కానా? వద్దని ఓటేస్తే వాడు జన్మలో క్షమించడు. ఔనని ఓటేస్తే ఆ ముగ్గురు పిల్లల మొహం చూడలేను. ఏం చెయ్యమంటారు?"

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ప్రొఫెసర్ గారిని ఏకవచనంలో పిలిచిందని చదివేవాళ్ళు అనుకోకండి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఓటు గురించి మూడు పేజీలు రాశావు. ఆ రెండో దెబ్బ గురించి నాలుగే లైన్లు. అడిగింది ఓటు గురించి కాబట్టి ముందు అదే చెప్తాను గానీ ఆ నాలుగు లైన్ల దగ్గరికి మళ్ళీ వస్తాను, రాకుండా వదలను.

నేను ఈ ఆటకి పగదాన్ని కాదని కూడా ముందే చెప్పేస్తా. కొన్నేళ్ళ కింద మా అమ్మాయి దగ్గర కొలంబస్‌లో మూడు నెలలున్నప్పుడు ఒక శనివారం పొద్దున్న కూరగాయలకని బయల్దేరితే ఊరు ఊరంతా ఎర్ర చొక్కాలే, ముసలివాళ్ళు పసిపిల్లలు అందరూ, రోడ్డు పక్కన కార్ల డిక్కీలు తెరిచి పొయ్యిలు పెట్టి మాంసం కాలుస్తున్నారు, లక్ష మంది పట్టే స్టేడియం అట, అరుపులు మా ఇంటి దాకా వినిపించాయి. నాకు అచ్చంగా మా ఊరి తిరునాళ్ళు గుర్తొచ్చింది. ఆటలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా సాయంత్రం దాకా టీవీ ముందు కూర్చున్నాను. కాబట్టి ఆ పిచ్చి ఎలాంటిదో నాకు కొంచెం తెలుసు, మీ ఆయన్ని నేను తప్పు పట్టను.

సరే, ఓటు. నువ్వొక్కదానివే చెయ్యెత్తితే మీ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఉంటుంది, చెయ్యి దించితే పోతుంది అన్నట్టు రాశావు. అలా కాదుగా. ఫ్యాకల్టీ సెనెట్ చేసేది సిఫారసు, తేల్చేది ప్రెసిడెంటు, పైన ట్రస్టీల బోర్డు. వాళ్ళలో పాత స్టూడెంట్లుంటారు, స్టేడియంలో బాక్సులు కొనుక్కున్నవాళ్ళుంటారు. మీ కమిటీ కాగితం వాళ్ళ ముందు ఒక కాగితం, అంతే. అందుకని ఓటుకి విలువ లేదని కాదు, ఫీజు లెక్కలు బయటపడేది ఇలాంటి కమిటీల్లోనే, రేపు ఎవరైనా "అప్పుడు ఎవరూ అడగలేదా" అంటే చూపించడానికి రికార్డు ఉంటుంది. కానీ కొడుకు కలని చేతులారా చంపేస్తున్నట్టు రాత్రిళ్ళు నిద్ర మానుకునేంత బరువు ఆ ఓటుకి లేదు. పైగా వాడు ఆడబోయేది మీ యూనివర్సిటీలో కాదు.

ఇంకోటి, ఓటు కంటే ముందు చెయ్యాల్సింది. మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు, కాలేజీలో కూడా ఆడాలని చూస్తున్నాడు అని కమిటీకి రాసి ఇచ్చెయ్. నువ్వు ఎటు ఓటేసినా తర్వాత ఎవడో ఒకడు ఆ సంగతి తవ్వి తీస్తాడు. ముందే చెప్పేస్తే, ఛైర్మన్ పక్కకి తప్పుకోమంటే తప్పుకుంటావు, పర్లేదు అంటే ధైర్యంగా కూర్చుంటావు. తప్పుకోవడం కూడా ఒక దారే, పిరికితనం కాదు, కాకపోతే ఆ ముగ్గురు పిల్లల తరఫున అడిగేవాళ్ళు ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారో లేదో చూసుకుని తప్పుకో.

ఇప్పుడు ఆ ముగ్గురి బిల్లు చూద్దాం. సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, క్రెడిట్‌కి 27 చొప్పున 243 డాలర్లు. పెంచితే 315. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాడు చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. గంటకి 12 డాలర్లు ఇస్తారనుకో, ఒక వారమంతా డైనింగ్ హాల్‌లో ప్లేట్లు కడిగితే 240. అంటే ఇప్పటికే ఒక వారం కూలి మొత్తం వాడు చూడని ఆటకి పోతోంది, ఊళ్ళో వాళ్ళ నాన్న ఎడ్యుకేషన్ లోన్‌కి పొలం కాగితాలు పెట్టి ఉంటాడు, ఆ లోన్ మీద వడ్డీ పడుతున్న డబ్బు ఇది. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. ఎవడైనా తన జేబులో డబ్బుతో టికెట్ కొనుక్కుని చూస్తే నాకే అభ్యంతరం లేదు, చూడనివాడి దగ్గర కూడా ట్యూషన్‌తో కలిపి గుంజడం దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంటుంది.

అసలు ఇది ఇక్కడివాళ్ళకి అర్థం కావడం కష్టం. ఉస్మానియాకో ఆంధ్రా యూనివర్సిటీకో క్రికెట్ టీమ్ ఉంటుంది, దాని కోచ్ జీతం వైస్ ఛాన్సలర్ జీతానికి పది రెట్లు అంటే నవ్వుతాం కదా. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది గవర్నర్ కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది, తీసేసినందుకు కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైమాటే. పని చెయ్యనందుకు! వాళ్ళకి చమురు డబ్బుంది, దాతలున్నారు, ఇస్తారు. మరి మీకు?

ఇక్కడే మీ యూనివర్సిటీ జబ్బు బయటపడుతుంది. ఆటల మీద వచ్చే ఆదాయం ఆటల ఖర్చుని దాటిన కాలేజీలు 2019 లో దేశం మొత్తం మీద 25 మాత్రమే, ఇది కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కే, వాళ్ళ గొడుగు కింద ఉన్న కాలేజీలు 1,100 దాకా ఉన్నాయి. మిగతావాళ్ళంతా ఫీజులతోనో జనరల్ ఫండ్‌తోనో పూడ్చుకునేవాళ్ళే. అయినా ప్రతి ప్రెసిడెంటూ ఇంకో నాలుగేళ్ళు ఓపిక పడితే మనమూ అలబామా (ఈ ఆటలో పేరుమోసిన యూనివర్సిటీ) అవుతాం అంటాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు కొత్త స్కోర్‌బోర్డు, కొత్త వెయిట్ రూమ్, కొత్త కోచ్, పాత కోచ్‌కి పరిహారం. ఇప్పుడు ఆ పులి ఇంకా దూరం పోయింది. 2025 జూన్‌లో, గ్రాంట్ హౌస్ అనే ఆటగాడి పేరు మీద నడిచిన హౌస్ కేసులో రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పుకున్నాక కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి గరిష్ఠంగా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. పాత ఆటగాళ్ళకి ఇవ్వాల్సిన 280 కోట్ల డాలర్ల పరిహారంలో పెద్ద భాగం ఎన్‌సీఏఏ కాలేజీలకి పంచే డబ్బుల్లోంచి పదేళ్ళ పాటు కోస్తారు, ఆ కోత మీలాంటి కాలేజీలకి కూడా తగులుతుంది. ఆటగాళ్ళకి డబ్బివ్వడం తప్పని నేననను, లక్ష మంది టికెట్ కొనుక్కుని చూసేది వాళ్ళనే కదా, ఇన్నాళ్ళూ ఇవ్వకపోవడమే తప్పు. 1955 లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు ఆటలో తల పగిలి చనిపోతే భార్య పనివాళ్ళకిచ్చే నష్టపరిహారం అడిగింది, రాష్ట్ర సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదంది, "స్టూడెంట్-అథ్లెట్" అన్న మాట ఎన్‌సీఏఏ పట్టుకున్నది అలాంటి కేసుల భయంతోనే. అది వేరే కథ. మీ కమిటీకి కావాల్సిన ప్రశ్న ఏమిటంటే ఈ ఏడాది పెంచే ఎనిమిది డాలర్లు ఆఖరిసారా, లేక ఈ పరుగులో మొదటి మెట్టా? అథ్లెటిక్ డైరెక్టర్ నోటితో చెప్పించు, మినిట్స్‌లో రాయించు.

ఎదుటి పక్షం వాదన కూడా నిజంగానే ఉంది, కొట్టిపారేసేది కాదు. 2007 లో అపలాచియన్ స్టేట్ అనే కింది డివిజన్ టీమ్‌ని తేలిగ్గా ఓడించొచ్చని మిషిగన్ వాళ్ళు 4 లక్షల డాలర్లిచ్చి ఆడ్డానికి పిలిచారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఇలా డబ్బిచ్చి పిలవడం మామూలే, మీవాళ్ళూ వెళ్తూనే ఉంటారు. ఆరోజు మిషిగన్ 32, అపలాచియన్ 34. ఆ రోజు దాకా ఆ కాలేజీ పేరు తెలియని దేశం మొత్తం మర్నాడు ఆ పేరే చెప్పుకుంది. ఆ ఆశ అబద్ధం కాదు, కానీ లాటరీ టికెట్ కూడా అబద్ధం కాదు కదా. ఫుట్‌బాల్ లేకపోతే కాలేజీ గడప తొక్కనివాళ్ళుంటారు, వాళ్ళలో నల్లజాతి పిల్లలు చాలామంది, ఫీజు కట్టలేని ఇళ్ళ నుంచి వచ్చి డిగ్రీ పట్టుకెళ్తున్నారు. నీ కొడుకు చూస్తున్న చిన్న కాలేజీలాంటి చోట అయితే లెక్క తలకిందులు, అక్కడ అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులుండవు, వంద మంది మగపిల్లలు ఆట కోసం చేరి ట్యూషన్ కడతారు, చిన్న కాలేజీకి ఆ వంద మందీ ప్రాణాధారం. అందుకే "యూనివర్సిటీలు ఫుట్‌బాల్‌ని పోషించాలా వద్దా" అని మొత్తంగా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ యూనివర్సిటీ, ఎవరి డబ్బుతో అని అడిగితే మాత్రం ఉంది. మీ చోట, ఆ ముగ్గురి డబ్బుతో అయితే, నా మటుకు నాకు ఫీజు పెంచడం న్యాయంగా కనిపించట్లేదు. ఇది నా అభిప్రాయం, నీ ఓటు కాదు.

మొత్తానికి ఎత్తెయ్యమని ఓటేస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఓటెయ్యి. అదే అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ, యూఏబీ, 2014 డిసెంబర్‌లో ఖర్చు భరించలేమని టీమ్‌ని మూసేసింది. ఊరు ఊరంతా లేచింది, ఫ్యాకల్టీ సెనెట్టే ప్రెసిడెంటు మీద అవిశ్వాస తీర్మానం చేసింది, ఊళ్ళో జనం, కంపెనీలు చందాలిచ్చారు, ఆరు నెలల్లో, 2015 జూన్‌లో, మళ్ళీ పెడతామన్నారు, 2017 లో టీమ్ మైదానంలో ఉంది. ప్రొఫెసర్లందరూ ఫుట్‌బాల్‌కి వ్యతిరేకం అనుకునేవాళ్ళు ఈ కథ చదవాలి, వాళ్ళకి కోపం వచ్చింది ఆట కోసం ఒక్కటే కాదు, ఎవరినీ అడక్కుండా చేసినందుకు. న్యూయార్క్ దగ్గర హాఫ్‌స్ట్రా 2009 లో మూసేసింది, ఏటా మిగిలే 45 లక్షల డాలర్లు చదువుకి పెడతామంది, మళ్ళీ తెరవలేదు. అందరికంటే పెద్ద కథ షికాగో యూనివర్సిటీది. మొట్టమొదటి హైస్మన్ ట్రోఫీ, అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చేది, 1935 లో వాళ్ళ కుర్రాడికే వచ్చింది, నాలుగేళ్ళకి 1939 లో ప్రెసిడెంట్ హచిన్స్ ఫుట్‌బాల్‌నే తీసేశాడు. ఖాళీ పడ్డ స్టేడియం గ్యాలరీ కింద 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి అణు రియాక్టర్ నడిపింది. (ఆట తీసేస్తే అందరికీ రియాక్టర్ వస్తుందని కాదు.) వాళ్ళు 1969 లో మళ్ళీ టీమ్ పెట్టారు, ఇప్పుడు స్కాలర్‌షిప్పులు లేని డివిజన్ 3 లో ఎంచక్కా ఆడుకుంటున్నారు. కానీ షికాగో ప్రైవేటు, మీది రాష్ట్ర సర్కారు దయ మీద నడిచేది, బడ్జెట్ అడగడానికి వెళ్ళినప్పుడు ఎమ్మెల్యేలాంటాయన ముందు "మన టీమ్ ఏమైంది" అంటాడు, తర్వాతే నీ కెమిస్ట్రీ ల్యాబ్.

మధ్యదారి ఒకటుంది. ఐడహో యూనివర్సిటీ 2018 లో పై స్థాయి ఎఫ్‌బీఎస్ నుంచి కిందనున్న ఎఫ్‌సీఎస్‌కి తనంతట తాను దిగింది, అలా దిగింది అదే మొదటిది. పరువు పోయిందని పాతవాళ్ళు తిట్టారు. ఖర్చు తగ్గింది, పక్క రాష్ట్రాల వాళ్ళతో ఆడుకుంటున్నారు, తర్వాత ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్ళారు. పరువు సంగతి అంటావా, పై స్థాయి పరువు ఎలా ఉందో చూశాంగా, 2024 లో పాక్-12 కాన్ఫరెన్స్ (పసిఫిక్ వైపు కాలేజీలు తమలో తాము ఆడుకునే కూటమి) చెల్లాచెదురై కాలిఫోర్నియాలో ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ వెళ్ళి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున కూర్చుని అట్లాంటిక్ అని బోర్డు పెట్టుకోవడం! టీవీ డబ్బులు అంత పని చేయిస్తాయి. నువ్వు కిందికి దించడానికి ఓటేస్తే రెండు షరతులు అడుగు. మిగిలిన డబ్బు ఫీజు తగ్గించడానికి వెళ్ళాలి, ఇంకో భవనానికి కాదు. ఆ వంకతో టెన్నిస్, స్విమ్మింగ్, ఆడపిల్లల టీములు కొయ్యకూడదు, ఎందుకంటే ఇప్పుడు చాలా చోట్ల ఫుట్‌బాల్‌ని ముట్టుకోకుండా చిన్న ఆటల పీకలే నొక్కుతున్నారు. ఫీజు పెంచడానికే ఓటెయ్యాల్సి వస్తే కూడా షరతు పెట్టొచ్చు, గ్రాడ్యుయేట్ స్టూడెంట్లకి, ఆన్‌లైన్ వాళ్ళకి మినహాయింపు, మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఓటు. ఆ మినహాయింపు ఒక్కటి సాధించినా ఆ ముగ్గురికి వారం కూలి మిగులుతుంది.

ఓటు అయిపోయింది. ఇప్పుడు ఆ నాలుగు లైన్లు.

రెండు రోజులు లైటు చూడలేకపోయాడు, ఎవరికీ చెప్పలేదు. అమ్మా, ఇది నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతి. మీ ఆయన బండి మాట తీసుకుందాం. బండి మీద పడితే ఒకసారి పడతాం. లైన్‌బ్యాకర్ ప్రతి ప్రాక్టీసులోనూ తల ఊగేలా గుద్దుకుంటాడు, అందులో చాలావాటికి కంకషన్ అన్న పేరు కూడా రాదు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. కొబ్బరికాయని పీచుతో సహా ఊపి చూడు, లోపల నీళ్ళు కదలకుండా ఉంటాయా. బోస్టన్ యూనివర్సిటీలో ఆన్ మెకీ అనే డాక్టరమ్మ బృందం 2017 లో అచ్చేసిన లెక్క నువ్వు చూసే ఉంటావు, చనిపోయాక దానం చేసిన మెదళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్ (జీతానికి ఆడే లీగ్) వాళ్ళవి 111 చూస్తే 110 లో సీటీఈ అనే మెదడు జబ్బు, కాలేజీ దాకా ఆడినవాళ్ళవి 53 చూస్తే 48 లో. హైస్కూల్‌తో ఆపినవాళ్ళవి 14 లో 3. ఈ అంకెలు చూసి గుండె ఆపుకోకు, అనుమానం ఉన్న ఇళ్ళవాళ్ళే ఎక్కువగా మెదళ్ళు దానం చేస్తారు కాబట్టి ఆడిన అందరిలో నూటికి తొంభై మందికి వస్తుందని అర్థం కాదు. కానీ వాళ్ళే తర్వాత తేల్చిన ఇంకో సంగతి ఉంది, ఆడిన ఏళ్ళు పెరిగేకొద్దీ, ఏడాదికి సుమారు 30 శాతం చొప్పున ఆ అవకాశం పెరుగుతోంది. మీవాడు ఆరేళ్ళు ఆడేశాడు. ఇంకో నాలుగు ఆడాలా వద్దా అన్నదే మీ ఇంట్లో ప్రశ్న. బతికుండగా సీటీఈ ఉందో లేదో ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. చెప్పడం మర్చిపోయాను, ఆ లెక్కలు తీసిన బోస్టన్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ టీమ్‌ని 1997 లోనే ఎత్తేసింది, మెదళ్ళ గురించి కాదులే, డబ్బు గురించే.

వాడు ఎందుకు దాచాడు అని నువ్వు కోపంగా అడిగావు ఉత్తరంలో. ఆలోచించు, ఆ సీజన్‌లోనే కోచ్‌లు చూడ్డానికి వస్తారు, రెండు వారాలు కూర్చుంటే ప్రిఫర్డ్ వాక్-ఆన్ అనే మాట కూడా ఉండేది కాదు. వాడు నీకు భయపడి ఒక్కటే దాచలేదు, ఆ ఆటలో దాచినవాడికే చోటు దొరుకుతుంది కాబట్టి దాచాడు. అదే నా భయం. కాలేజీలో నువ్వు పక్కన ఉండవు, నోరు జారే చెల్లెలూ ఉండదు, చోటు కోసం పోటీ ఇంకా గట్టిగా ఉంటుంది. ఈ మాట వాడితో అరవకుండా అనగలిగితే అను, అక్కడ మళ్ళీ తగిలితే ఎవరికి చెప్తావురా అని. వాడు ఏం చెప్తాడో దాన్ని బట్టి నువ్వూ మీ ఆయనా చాలా తెలుసుకుంటారు.

జూన్‌కి వాడికి 18 నిండుతాయి, సంతకం వాడిదే. నువ్వు ఆడొద్దని ఆర్డరేస్తే వాడు ఆడతాడు, చెప్పకుండా. నీ చేతిలో ఉన్నది ట్యూషన్. దాన్ని బెదిరింపుగా వాడితే ఇల్లు రెండుగా చీలుతుంది, లెక్కగా మాట్లాడితే వింటాడేమో చూడు. వాక్-ఆన్ లెక్క చూద్దాం. వేరే స్టేట్ ట్యూషన్ పూర్తిగా కట్టాలి. హౌస్ రాజీ తర్వాత అందులో చేరిన యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్ టీమ్‌కి 105 మందే, అంతకుముందు వాక్-ఆన్లని 120 పైన కూడా పెట్టుకునేవాళ్ళు. ముందు కోతకొచ్చేది వాక్-ఆన్లే. కాబట్టి ఆ కోచ్‌ని మీవాడి చేతే మెయిల్ పెట్టి అడిగించు, నేను ఆ 105 లో ఉన్నానా, ఏ సీజన్ దాకా అని. మెయిల్‌లో జవాబు రాకుండా ఫోన్‌లో "డోంట్ వర్రీ" అంటే నీకు జవాబు వచ్చినట్టే. ఇన్సూరెన్స్ కూడా అడుగు, పై స్థాయి అయిన డివిజన్ 1 లో కాలేజీ వదిలాక కనీసం రెండేళ్ళ దాకా ఆట గాయాల వైద్యం ఖర్చు చూడాలని 2024 ఆగస్టు నుంచి రూలు. మోకాలికి అది సరిపోతుంది. మెదడుకి వచ్చేది నలభయ్యేళ్ళప్పుడు వస్తుంది, అప్పుడు ఎవరూ ఉండరు, కట్టుకున్నదీ కన్నవాళ్ళూ తప్ప.

డివిజన్ 3 లో గుద్దులు ఉండవని కాదు, ఉంటాయి. మ్యాచులు కొంచెం తక్కువ, ఎదుటివాళ్ళు కొంచెం చిన్నవాళ్ళు, నచ్చకపోతే మానేసినా డబ్బు సాయం పోదు, మెరిట్‌కి ఇచ్చింది కదా. అక్కడి కోచ్‌ని ఒక్క ప్రశ్న అడగండి, సీజన్ మధ్యలో ప్రాక్టీసులో ఎన్ని రోజులు ఒకళ్ళనొకళ్ళు పూర్తిగా గుద్దుకుంటారు? డార్ట్‌మత్ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010 లోనే ప్రాక్టీసులో ఆటగాణ్ణి ఆటగాడు పడెయ్యడం ఆపేశాడు, డమ్మీల మీద నేర్పాడు, 2016 కి ఐవీ లీగ్ (డార్ట్‌మత్, హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల కూటమి) మొత్తం సీజన్ ప్రాక్టీసుల్లో అది మానేసింది. అలా చేసే కోచ్ ఉంటే రిస్కు తగ్గుతుంది, పోదు. ఇంకో దారి, ఏ కాలేజీకైనా వెళ్ళి అసలు ఆడకపోవడం. దాన్ని నువ్వు నోటితో అనకు, డాక్టర్ అంటే వేరు. డిపాజిట్ కట్టేలోపు కంకషన్ క్లినిక్‌లో ఒక న్యూరాలజిస్టుకి చూపించండి, దాచిన దెబ్బ సంగతి వాడే చెప్పాలి, ఆ గదిలో నువ్వు ఉండక్కర్లేదు, మీ ఆయన్ని పంపు. నాన్న ఉన్నప్పుడు డాక్టర్ చెప్పింది మీ ఇంట్లో బండి కథతో కొట్టుకుపోదు.

రెండు నాల్కల సంగతి అడిగావు. 1905 లో ఈ ఆటలో ఆ ఒక్క సీజన్‌లోనే 18 మంది దాకా పిల్లలు చనిపోయారు, కొలంబియా యూనివర్సిటీ ఆట తీసేసింది, మిగతావాళ్ళూ తీసేద్దామనుకున్నారు. ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబర్‌లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి ఆట బాగుచెయ్యండి అన్నాడు. అప్పుడు ఆయన పెద్ద కొడుకు హార్వర్డ్ ఫ్రెష్మెన్ (మొదటేడు పిల్లల) టీమ్‌లో ఆడుతున్నాడు, ఆ సీజన్‌లోనే యేల్ మీద ఆటలో ముక్కు విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఆట ఆపలేదు, కొడుకుని ఆపలేదు, రూల్స్ మార్పించాడు, ఆ గొడవల్లోంచే 1906 లో బంతిని ముందుకి విసరడం వచ్చింది, ఎన్‌సీఏఏ పుట్టింది. ఆయన చేసింది ఒప్పా తప్పా అని నూట ఇరవై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. నీకు వచ్చిన ఇరకాటం కొత్తదీ కాదు, నీ ఒక్కదానిదీ కాదు. స్టూడెంట్ల ఫీజుతో ఆట నడపొద్దు అనేదానికీ, మా అబ్బాయి తన ఖర్చుతో తన ఇష్టంతో ఆడతాడు అనేదానికీ మధ్య అబద్ధం లేదు. అబద్ధం ఎక్కడుంటుందంటే, కొడుకు అలుగుతాడని ఫీజు పెంచడానికి ఓటేస్తే. ఓటు వేసే ముందు రోజు రాత్రి ఏ పక్షం వేస్తున్నావో, ఎందుకో వాడికి నువ్వే చెప్పు, క్యాంపస్ పేపర్లో చదివే దాకా ఉంచకు. అలుగుతాడు, తలుపేసుకుంటాడు. పదిహేడేళ్ళ పిల్లలు వేసుకున్న తలుపులు ఆకలేస్తే తెరుచుకుంటాయి.

ఆ ముగ్గురు పిల్లల్ని మాత్రం వదిలెయ్యకు. వాళ్ళ తరఫున నువ్వు మాట్లాడ్డం కాదు, కమిటీ ముందు వాళ్ళే మాట్లాడేలా ఒక పది నిమిషాలు ఇప్పించు. భయపడతారు, వీసా ఉన్నవాళ్ళం మాకెందుకు అంటారు, ఈ రోజుల్లో ఆ భయం ఉత్తదని నేననలేను. అలా అయితే పేర్లు లేకుండా రాసిమ్మను, ఫీజు బిల్లు ఒకటి, డైనింగ్ హాల్ పే స్లిప్పు ఒకటి పక్కపక్కన పెట్టి కాపీ తీసిమ్మను. కమిటీలో చదవడానికి రెండు కాగితాలు చాలు. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తేదీ దొరికాక నాకొక మెయిల్ పెట్టు.